అతనెవరో నాకు తెలియదు

అది 1989. మెల్‌బోర్న్‌లో కాల్‌ఫీల్డ్ పేటలోని ఒక నర్సింగ్ హోమ్‌లో నేను చేరి మూడేళ్ళవుతోంది. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలోలాగా కాన్పులూ ఆపరేషన్లూ చేసే చిన్న ఆస్పత్రి కాదు. ఇంట్లో చూసుకునే ఓపిక ఎవరికీ లేనప్పుడు ముసలివాళ్ళు వచ్చి చేరి, కడదాకా ఉండే చోటు. మా హోమ్‌లో సగానికి పైగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ నుంచి వచ్చిన యూదులు. కొందరి ముంజేతుల మీద నాజీల క్యాంపుల్లో పచ్చబొట్టు పొడిచిన నీలం రంగు అంకెలు ఉండేవి. స్నానం చేయిస్తూ ఆ అంకెల దగ్గరికొచ్చేసరికి మొదట్లో నా చెయ్యి ఆగిపోయేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయిందని రాయడానికి సిగ్గేస్తోంది, కాని జరిగింది అదే.

మాది తెనాలి దగ్గర పల్లె. మిషన్ ఆస్పత్రిలో ట్రెయినింగ్ అయ్యాను. నా పేరు సుగుణ. ఇక్కడివాళ్ళ నోట్లో అది మూడో రోజుకే సూ అయింది. ఇప్పుడు రిటైరై ఊరి శివార్లలో క్లైడ్ నార్త్‌లో ఉంటున్నాను. అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా ఆవులు మేసేవి. ఇప్పుడు సందుకో తెలుగు ఇల్లు. ఏజ్డ్ కేర్‌లో, అంటే ఇలాంటి హోముల్లో, పనికి చేరిన మన పిల్లలు ఆదివారం చర్చి అయ్యాక నా చుట్టూ చేరి, "ఆంటీ, డిమెన్షియా పేషెంట్స్‌తో హౌ డు యూ టాక్? వాళ్ళకి రాంగ్‌గా గుర్తుంటే కరెక్ట్ చెయ్యాలా?" అని అడుగుతుంటారు. నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు ఉంది.

మిస్టర్ రోత్‌కి అప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. పోలండ్‌లోని చిన్న పట్టణంలో పుట్టి, మెల్‌బోర్న్‌లో ఆడవాళ్ళ కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు గుడ్డ కత్తిరించాడు. పెళ్ళి చేసుకోలేదు. మతిమరుపు ముదిరి మా దగ్గరికొచ్చాడు. పగలు టోపీ తీసేవాడు కాదు. ఎంత ఎండల్లోనైనా చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకునేవాడు. ఇంగ్లీషు దాదాపు పోయింది, ఇడ్డిష్ మిగిలింది. ఇడ్డిష్ అంటే ఆ వైపు యూదులు ఇళ్ళలో మాట్లాడుకునే భాష.

రోజూ ఉదయం పదింటికి ఆయన కోసం ఒకాయన వచ్చేవాడు. పేరు జోసెఫ్ కోల్. అరవై తొమ్మిదేళ్ళు, భార్య పోయింది, పిల్లల్లేరు. గసగసాల రొట్టె కాగితంలో చుట్టి తెచ్చేవాడు. హాల్లో కిటికీ దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే పత్రిక చూసేవాళ్ళు. జోసెఫ్ ఉన్నంతసేపూ మిస్టర్ రోత్ పసిబిడ్డలా నిమ్మళంగా ఉండేవాడు. అడ్మిషన్ ఫారంలో నెక్స్ట్ ఆఫ్ కిన్ అని ఒక గడి ఉంటుంది, అంటే ఏదైనా జరిగితే ముందు కబురు చెయ్యాల్సిన దగ్గరివాళ్ళ పేరు. అందులో జోసెఫ్ పేరే ఉంది. వరస అన్నచోట 'స్నేహితుడు' అని రాసుంది.

ఆ ఏడు చలికాలంలో జోసెఫ్ కళ్ళు పచ్చబడ్డాయి. పాంక్రియాస్‌లో క్యాన్సర్. డాక్టరు రెండు నెలలన్నాడు, మరీ గట్టిగా అడిగితే మూడన్నాడు. జోసెఫ్ నన్ను ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశాడు.

"సిస్టర్, నేనూ ఇక్కడే చేరతాను. మీ దగ్గర రెండు మంచాల గది ఒకటుందిగా. రోత్‌నీ నన్నూ అందులో పెట్టండి."

"అది భార్యాభర్తలకీ రక్తసంబంధీకులకీ మాత్రమేనండీ. స్నేహితులకి ఇవ్వరు."

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. మాట బాగా తగ్గించి, "అతను నా అన్న," అన్నాడు.

మూడేళ్ళుగా చూస్తున్నాను. ఇద్దరి ముక్కూ ఒకటే, నడకా ఒకటే. మనవాళ్ళు బస్సులో పక్క సీటాయన్ని సైతం మీకు వాళ్ళేమవుతారని అడిగేస్తారు. అలాంటి జాతిలో పుట్టి ఇది నా కంటికి ఆనలేదే అని నా మీద నాకే కోపం వచ్చింది.

"మరి ఇంటిపేర్లు?"

"క్యాంపులో మార్చుకున్నాం. తర్వాత కాగితాలన్నీ అలాగే వచ్చాయి. ఋజువంటే నా దగ్గర ఏమీ లేదు. మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ మిగల్లేదు."

మా నర్సులందరికీ పైనుండే మేట్రన్‌తో మాట్లాడాను. చెడ్డ మనిషి కాదు, కాని కాగితం లేనిదే కదలదు. "రోత్ నోటితో చెప్పించు, సూ. నువ్వు సాక్షి సంతకం పెట్టు. నేను ఒప్పుకుంటాను," అంది. అంతేకదా అనుకుని జోసెఫ్‌కి చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది.

"అతన్ని మాత్రం అడగొద్దు."

"ఎందుకండీ?"

"ఎవర్నైనా అడగండి. అతన్నొద్దు."

ఎందుకో నాకు తెలిసిపోయిందనుకున్నాను. మా పనిలో ఇది మామూలే. మతిమరుపు మనిషిని 'ఈవిడెవరు' అని అడిగితే ఎక్కడ తెలియదంటాడోనని కట్టుకున్నవాళ్ళు, కన్నవాళ్ళు వణికిపోతారు. జోసెఫ్ భయం కూడా అదే అనుకున్నాను. సరే, ఆయన లేనప్పుడే అడుగుదాం, మంచి జవాబు పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెడదాం అనుకున్నాను.

ఆ రోజుల్లో రియాలిటీ ఓరియెంటేషన్ అనే పద్ధతి ఉండేది. మతి తప్పినవాళ్ళకి ఈ రోజు ఏ వారం, మనం ఏ ఊళ్ళో ఉన్నాం, ఎదురుగా ఉన్నదెవరు అని పదే పదే చెప్పడం, అడగడం, తప్పు చెబితే దిద్దడం. గది గదికీ ఒక తెల్లబోర్డు, దాని మీద రోజూ వారం, తేదీ. నేను దానికి ప్రత్యేకంగా కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నదాన్ని. పైగా మనవాళ్ళ పద్ధతి కూడా అదేగా. చూపు మందగించిన తాత చేతిలో చెయ్యి పెట్టి 'నేనెవర్ని చెప్పుకో' అంటే ఆయన తడిమి చూసి పేరు చెప్పి మురిసిపోవడం నేను ఎరుగుదును. ఆ రెండూ కలిసి నాకు ఎక్కడలేని ధైర్యం ఇచ్చాయి.

మర్నాడు తొమ్మిదిన్నరకి హాల్లోకి వెళ్ళాను. తెల్ల యూనిఫాం, గుండెల మీద పిన్ను పెట్టిన గడియారం, నడుముకి మందుల బీరువా తాళాలు, చేతిలో అట్ట, అట్ట మీద ఫారం. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ పూట మిస్టర్ రోత్ కంటికి నేనెలా కనిపించానో ఇప్పుడు నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే జోసెఫ్ ముందుగా వచ్చేశాడు. వచ్చి ఎప్పట్లా పక్కన కూర్చున్నాడు. నేను వెనక్కి తగ్గితే సరిపోయేది. తగ్గలేదు. వంగి, నవ్వుతూ, మా కోర్సులో నేర్పినట్టు స్పష్టంగా, గట్టిగా అడిగాను.

"మిస్టర్ రోత్, మీ పక్కన కూర్చున్నదెవరు?"

ఆయన అట్ట వైపు చూశాడు. తాళాల వైపు చూశాడు.

"తెలియదు," అన్నాడు.

"బాగా చూసి చెప్పండి. మీ బ్రదర్ కదూ?"

"నాకు బ్రదర్ లేడు. అతనెవరో నాకు తెలియదు."

ఆ ముక్క మాత్రం ఇంగ్లీషులోనే, తడబాటు లేకుండా వచ్చింది. నేను అక్కడైనా ఆగాలి. తప్పు చెబితే దిద్దమని నా సర్టిఫికెట్ చెప్పింది. హాల్లో పదిహేనుమంది ఉండగా అందరికీ వినబడేలా అన్నాను. "అదేంటండీ, ఈయన మీ సొంత తమ్ముడు! జోసెఫ్ మీ తమ్ముడు!"

మిస్టర్ రోత్ లేచి నిలబడ్డాడు. మూడేళ్ళలో మొదటిసారి తనంతట తాను టోపీ తీశాడు. రెండు చేతులూ తొడలకి ఆనించి నిటారుగా నిలబడి, నా భుజం మీదుగా గోడని చూస్తూ, "నేను ఒక్కణ్ణే వచ్చాను," అన్నాడు. ప్యాంటు తడిసిపోయింది. నేలమీద మడుగు కట్టింది. అయినా ఆయన కదల్లేదు.

బట్టలు మార్చి తీసుకొచ్చాక ఆయన తన కుర్చీని ఈడ్చుకుంటూ హాలు అవతలి మూలకి వెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. జోసెఫ్ కాసేపు చూసి, రొట్టె పొట్లం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

నా బుద్ధిహీనత అక్కడితో అయిపోలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన గది బోర్డు మీద వారం, తేదీ కింద 'మీ తమ్ముడు జోసెఫ్ పదింటికి వస్తారు' అని పెద్ద అక్షరాలతో రాశాను. మందుల బండి తోసుకుంటూ తిరిగొచ్చేసరికి మిస్టర్ రోత్ మంచమెక్కి నిలబడి, ఆ వాక్యాన్ని చొక్కా చేతితో రుద్దుతున్నాడు. వారం, తేదీ అలాగే ఉన్నాయి. తమ్ముడన్న మాట ఉన్నచోట మాత్రం నల్లగా అలుక్కుపోయింది.

పదింటికి జోసెఫ్ వచ్చి ఆ నల్లటి చొక్కా చెయ్యి చూశాడు. నన్ను తోటలో బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పాడు. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది.

"మొదటి క్యాంపులో టోపీలు తీయించి, నిటారుగా నిలబెట్టి లెక్క తీస్తుంటే ఇద్దరు అన్నదమ్ములున్నారని ఆఫీసర్‌కి తెలిసింది. మేం కాదు, వేరేవాళ్ళు. చెరో కర్ర ఇచ్చి ఒకర్నొకరు కొట్టుకోమన్నాడు. కింద పడనివాడు బతుకుతాడన్నాడు. మమ్మల్నందర్నీ చూడమన్నాడు. వాళ్ళు మా వీధివాళ్ళే, సిస్టర్. ఆ రోజు మా అన్న నన్ను పక్కకి లాగి చెప్పాడు. 'ఇప్పట్నుంచి నువ్వెవరో నాకు తెలియదు. నేనెవరో నీకు తెలియదు. అమ్మ పుట్టింటి పేరు చెప్పుకో. యుద్ధం అయ్యేదాకా.'"

"మరి కలిసే ఉన్నారుగా?"

"ఎప్పుడూ నాకు రెండు బారల దూరంలో ఉండేవాడు. నాకు టైఫస్ జ్వరం వచ్చింది. జ్వరం అని తెలిస్తే చంపేస్తారు. ముందొకరు, వెనకొకరు పిడికర్రలు పట్టుకుని రాళ్ళు మోసే చెక్క బల్ల ఒకటుండేది. అతను నన్ను ముందు నిలబెట్టి, నా మణికట్లు ఆ కర్రలకి గుడ్డపీలికలతో కట్టేసి, పైన చొక్కా చేతులు లాగేశాడు. బరువంతా తన వైపు వాల్చుకుని వెనకనుంచి నన్నూ రాళ్ళనీ కలిపి తోశాడు. తొమ్మిది రోజులు. కాపలావాడు అడిగాడు, రోజూ వీడితోనే ఎందుకు, వీడు నీకేమవుతాడు అని. 'ఏమీ కాడు. ఎత్తు సరిపోయింది, బల్ల వొరగదు' అన్నాడు. కడుపులో తుపాకీ మడమతో పొడిచి మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాడు."

పచ్చబడ్డ కళ్ళు తుడుచుకున్నాడు. "అతను తెలియదన్న ప్రతిసారీ నేను బతికాను. నిన్న కూడా నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు."

"ఇక్కడికొచ్చాక కూడా అన్నయ్య అనేవారు కాదా?"

"ఇంట్లో, తలుపు మూశాక. బయట ఎప్పుడూ లేదు. మతి పోయాక తలుపు మూసినా, తెరిచినా ఒకటే అయిపోయింది. అందుకే ఆ గది అడిగాను. ఒకే గదిలో పడుకుంటే ఏ తెల్లవారుజామునో, మెలకువకీ నిద్రకీ మధ్య ఒకసారి పిలుస్తాడేమోనని. రోజుకు పదిసార్లు మిమ్మల్ని నేను సిస్టర్ అంటాను. నన్ను బ్రదర్ అనడానికి ఈ లోకంలో మిగిలింది అతనొక్కడే. అతను అనకపోతే నేను ఎవరికీ ఏమీ కానట్టే పోతాను."

నేను ఏడ్చాను. నా ఏడుపుతో ఆయనకేం పని?

రెండు మంచాల గది వాళ్ళకి దక్కలేదు. మేట్రన్ ఇవ్వడానికి ఒప్పుకుంది, ఫారం లేకుండానే. కాని మిస్టర్ రోత్ గడప తొక్కలేదు. జోసెఫ్ ఉన్న గదిలోకి ఆయన్ని తీసుకెళ్ళబోతే తలుపు చట్రం పట్టుకుని అరిచాడు. జోసెఫ్‌ని వరండా చివర ఒంటరి గదిలో పెట్టాం.

అప్పట్నుంచి మిస్టర్ రోత్ నడవడం మొదలుపెట్టాడు. హాలు నుంచి వరండా చివరిదాకా, మళ్ళీ వెనక్కి. మా నోట్సులో దాన్ని వాండరింగ్ అని రాస్తారు, అంటే గమ్యం లేకుండా తిరగడం. మూడు షిఫ్టులవాళ్ళూ అలాగే రాశారు. నేనూ రాశాను. ఒకరోజు జోసెఫ్‌కి మంచం దుప్పటి మారుస్తుంటే ఆయన అన్నాడు. "చూడండి. తలుపు దగ్గరికి రాగానే అడుగు నెమ్మదిస్తాడు. తల తిప్పడు. కంటి చివరి నుంచి నేను మంచం మీదే ఉన్నానా అని చూసుకుని వెళ్ళిపోతాడు. చివరి క్యాంపులో నేను జబ్బువాళ్ళ షెడ్డులో పడున్నప్పుడూ ఇలాగే వచ్చేవాడు."

నేను పని ఆపి చూశాను. నిజమే. ఆ మనిషికి గమ్యం లేకపోవడమేంటి?

ఇంట్లో మా ఆయనతో చెప్పుకున్నాను. "ఏమండీ, నా వల్లేనండీ ఇదంతా," అన్నాను. "నువ్వు మంచికే అడిగావు, దేవుడికి తెలుసు," అన్నారాయన. దేవుడికి తెలిస్తే జోసెఫ్‌కి ఒరిగిందేముంది?

ఒక ఆదివారం నాకు సెలవు. యూనిఫాం వల్లే ఆయన భయపడ్డాడు కదా అని, చర్చి నుంచి చీరలోనే హోమ్‌కి వెళ్ళాను. మిస్టర్ రోత్ నన్ను గుర్తుపట్టలేదు. చీర అంచు రెండు వేళ్ళతో పట్టి చూసి, గుడ్డ మంచిదన్నట్టు తలాడించాడు. చెయ్యి అందిస్తే లేచి వచ్చాడు. జోసెఫ్ గది గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు గాని, లోపలికి వచ్చాడు. తలుపు మూశాను.

జోసెఫ్ అప్పటికి ఎముకలగూడయ్యాడు. ఇడ్డిష్‌లో మెల్లగా, చాలాసేపు మాట్లాడాడు. అమ్మ పేరు, వాళ్ళ వీధి పేరు మధ్యమధ్య నాకు వినబడ్డాయి. మిస్టర్ రోత్ మంచం పైన గోడని చూస్తూ నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని నేను ప్రార్థన చేసుకుంటున్నాను. ఆయన నా వైపు తిరిగి, ఇంగ్లీషులో, మర్యాదగా చెప్పాడు.

"మేడమ్, అతనెవరో నాకు తెలియదు."

జోసెఫ్ కళ్ళు మూసుకున్నాడు. అన్నని తీసుకెళ్ళిపోయాక నాతో అన్నాడు. "ఎందుకలా అంటాడో నాకు తెలుసు. తెలిసీ తెలిసీ అలిసిపోయాను, సిస్టర్."

ఆ గురువారం మధ్యాహ్నం రెండున్నరకి, షిఫ్టు మారే వేళ, జోసెఫ్ పోయాడు. నేను పక్కనే ఉన్నాను. వరండాలో అడుగుల చప్పుడు వినిపిస్తోంది. తలుపు దగ్గర నెమ్మదించింది. ఈసారి వెంటనే సాగలేదు. నేను వెనక్కి తిరిగేసరికి మిస్టర్ రోత్ అక్కడ లేడు.

యూదుల్లో శవసంస్కారం చూసే సంఘం నుంచి ఇద్దరొచ్చారు. అందులో గడ్డమున్న పెద్దాయనకి నేను విషయమంతా చెప్పాను. ఆయన మిస్టర్ రోత్ పక్కన కూర్చుని ఇడ్డిష్‌లో ఎంతో నెమ్మదిగా అడిగాడు. మిస్టర్ రోత్ తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన లేచొచ్చి, "దుఃఖం పాటించేవాళ్ళెవరూ లేరని రాసుకుంటున్నాను," అన్నాడు.

"అన్న అయితే ఏం చెయ్యాలండీ మీ పద్ధతిలో?"

"నిలబడి, వేసుకున్న బట్టని చింపుకోవాలి. తల్లికీ తండ్రికీ ఎడమవైపు, గుండె మీద. అన్నదమ్ములకి కుడివైపు. ముప్పై రోజులదాకా దాన్ని కుట్టకూడదు."

శుక్రవారం పొద్దున జోసెఫ్‌ని పాతిపెట్టారు. అంతకుముందే, ఏడింటికి, నేను మిస్టర్ రోత్‌కి ఒళ్ళు తుడవడానికి వెళ్ళాను. ఎప్పట్లాగే స్వెట్టర్, దాని కింద చొక్కా, మెడదాకా గుండీలు. స్వెట్టర్ విప్పాను. చొక్కా గుండీలు విప్పాను. లోపలి బనీను కుడివైపు, మెడ అంచు నుంచి జానెడు కిందికి చిరిగి ఉంది. అరిగి చిరిగింది కాదు. ముప్పై ఏళ్ళు గుడ్డ కత్తిరించిన చెయ్యి నేరుగా చింపిన చిరుగు.

నా చెయ్యి ఆగిపోయింది. ఆయన తలుపు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను వెళ్ళి తలుపు మూసొచ్చాను. ఏమీ అడగలేదు. ఒళ్ళు తుడిచి, అదే బనీను మళ్ళీ తొడిగి, పైన చొక్కా గుండీలు మెడదాకా పెట్టాను.

చిరిగిన బట్టలు కుట్టడానికి లాండ్రీ సంచీలో వెయ్యాలన్నది మా హోమ్ రూలు. ముప్పై రోజులు ఆ బనీనుని ఆ సంచీ ఛాయలకి పోనివ్వలేదు. సింకులో నేనే ఉతికి, హీటర్ మీద ఆరబెట్టి, మళ్ళీ ఆయనకే తొడిగాను. నేను లేని రోజు కోసం ఇంకో నర్సుకి చెప్పి ఉంచాను. ఆయన నడక మానేశాడు. కిటికీ దగ్గర పాత చోటుకి తనంతట తానే తిరిగొచ్చి, పక్కన ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చునేవాడు. మరుసటి ఏడు ఆయనా పోయాడు. చివరిదాకా తనకెవరూ లేరనే చెప్పాడు.

ఆ తర్వాత నేను ఏ మతి తప్పిన మనిషినీ 'ఈయన మీకేమవుతారు' అని అడగలేదు. అట్ట పట్టుకుని ఎదురుగా నిలబడలేదు. తప్పు చెబితే దిద్దలేదు. పక్కన రెండో కుర్చీ వేసి వచ్చేస్తాను. మన పిల్లలు అడిగితే చెప్పేది ఇంతే. ఆ పాఠం నాకు దక్కింది. ఆ చిరిగిన బనీను మాత్రం జోసెఫ్ చూడలేదు.